సముద్రం బాగుచేసిన మేస్త్రీ

బ్లాక్‌పూల్ దగ్గర ఒకసారి సముద్రం చెడిపోతే దాన్ని బాగుచేసింది మా ఊరి ఈనాక్ పిల్లింగ్. ఇందులో దాచడానికేమీ లేదు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. జేబులో పానా ఉంది. ఆ పూట సముద్రానికి వేరే మేస్త్రీ ఎవరూ దొరకలేదు. నమ్మనివాళ్ళు ఇప్పుడైనా వెళ్ళి చూసుకోవచ్చు. ఆనాటి నుంచి ఆ సముద్రం రోజుకు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వస్తూనే ఉంది, ఒక్క పూట నాగా లేదు. మా హార్‌క్లఫ్ మిల్లులో అతను బాగుచేసిన మరమగ్గాలు అంత నిలకడగా నడిచినట్టు మాత్రం దాఖలాలు లేవు.

దీని మీద పాట కూడా ఉంది. లాంకషైర్‌లో నేతమిల్లు పొగగొట్టం కనిపించే ప్రతి ఊళ్ళోనూ ఆ పాట వచ్చు.

నీళ్ళు లేవు అలలు లేవు, నిలిచిపోయె సంద్రము
పానా పట్టి మేస్త్రి వచ్చె, పక్కకు జరగండహో
ఒక్క తిప్పు తిప్పినాడు...
తిరిగి వచ్చె సంద్రము

మూడో పాదం తర్వాత ఒక ఊపిరంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మా ఊళ్ళో అందరూ బీరు ఒక గుక్క తాగుతారు. ఖాళీ పెట్టిందే అందుకని మా తాతలు చెప్పారు, తాతల మాట మేము కాదనలేదు. చరణాలు పద్నాలుగు. అందుచేత చివరి చరణం ఎలా మొదలవుతుందనే విషయంలో ఊళ్ళో భిన్నాభిప్రాయాలున్నాయి.

ఈనాక్ చేసిన నేరం ఎంతో చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు. ఏటా ఎండాకాలంలో మిల్లు వారం రోజులు మూసేసినప్పుడు మా ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని బ్లాక్‌పూల్ పోతుంది. ఇక్కడ పక్కింట్లో ఎవరుంటారో అక్కడా పక్కగదిలో వాళ్ళే ఉంటారు. అంతకుముందెన్నడూ సముద్రం చూడని ఈనాక్ మొదటిరోజు పొద్దెక్కేదాకా పడుకుని, ఫలహారం చేసి, తీరిగ్గా ఒడ్డుకు వెళ్ళాడు. అది పోటు తీసి నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయిన వేళ. కనుచూపు మేర బురద, ఇసుక, రెండు గాడిదలు. పక్కనే స్నేహితుడు సెథ్ ఆష్‌వర్త్ ఉన్నాడు. ఈనాక్ అతన్ని అడిగింది ఒక్కటే మాట.

"ఎక్కడికి పోయింది?"

సెథ్ కడుపులో అన్నం నిలుస్తుంది గాని మాట నిలవదు. సెలవులయ్యి మిల్లు తెరిచేసరికి పాటలోని మేస్త్రీకి పేరు వచ్చేసింది. పాట అప్పటికే ఉంది కదా, ఈనాక్ అప్పటికింకా పూర్తి మేస్త్రీ కూడా కాడు కదా అని ఎవరూ అడగలేదు. మా ఊరికి అన్నాళ్ళూ పాట ఉంది, మనిషి లేడు. ఇప్పుడు మనిషి దొరికాడు.

నేతషెడ్డులో మగ్గాలు నడుస్తుంటే నెత్తిన పిడుగు పడ్డా వినపడదు. అక్కడి ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడరు, పెదాలతో మాట్లాడతారు. ఏ చప్పుడూ లేకుండా, ప్రతి అక్షరానికీ మూతి సాగదీసి, షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు ఇంట్లో సంగతులన్నీ పంపుకుంటారు. పాటలూ అంతే. బెల్టు జారిందనో, దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె ఇరుక్కుందనో ఒకావిడ చెయ్యెత్తితే ఈనాక్ పానా పట్టుకుని బయల్దేరేవాడు. అతను మగ్గాల మధ్య సందులో నడుస్తుంటే రెండు వైపులా పెదాలు కదిలేవి. నీళ్ళు లేవు, అలలు లేవు. ఇంగ్లండు దేశంలో అతనంత ఎక్కువగా పాడించుకున్న మనిషి లేడు. ఒక్క ముక్కా చెవిన పడలేదు. మొత్తం కళ్ళతోనే చూశాడు, ముప్పయ్యేళ్ళు.

అలాంటివాడు యాభై దాటాక పెళ్ళి చేసుకుందామనుకున్నాడు. సెలీనా విటమ్ నాలుగు మగ్గాలు నడిపే మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. ఆమె మగ్గం ఆగితే ఈనాక్ వరసలో ముందున్న ముగ్గుర్ని దాటుకుని అక్కడికే పోయేవాడు. నేసిన గజాన్ని బట్టి కూలి వచ్చే చోట అంతకంటే పెద్ద ప్రేమలేఖ ఎవరూ రాయలేరు. దాటేసిన ముగ్గురూ అతన్ని పెదాలతో ఏమన్నారో ఇక్కడ రాయకూడదు.

ఒక శనివారం మధ్యాహ్నం సెలీనా వంటింట్లో బంగాళాదుంపలు కూరి కాల్చిన ‘పై’ రొట్టె, ఎర్ర క్యాబేజీ ఊరగాయ ముందు పెట్టుకుని ఈనాక్ విషయం ఎత్తాడు. సెలీనా టీ పోస్తూ విన్నది.

"నువ్వు మంచోడివే ఈనాక్. తాగవు. ఎప్పుడన్నా తాగినా నోరెత్తవు. నీ చొక్కాలు నువ్వే ఉతుక్కుంటావు. నాకు అడ్డం ఏమీ లేదు. ఆ పాట ఒక్కటే."

"పాట నాది కాదు సెలీనా. నేను పుట్టకముందు నుంచే ఉంది."

"ఉందని నువ్వొక్కడివే అంటున్నావు ఇన్నేళ్ళుగా."

"నేనన్నది ఒక్క మాట. ఎక్కడికి పోయింది అన్నాను."

"సముద్రం గురించేగా?"

"సముద్రం గురించే."

"మరి ఇంకేం కావాలి వాళ్ళకి."

ఈనాక్ రొట్టె ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు.

"నా బాధ నీ చరణాలు కాదు," అంది సెలీనా. "మేస్త్రీ పెళ్ళాం మీద ఇంతవరకూ చరణం లేదు, గమనించావా? నేను చర్చి మెట్లు దిగేలోపు కట్టేస్తారు. ఇంక చచ్చేదాకా ఆ పాటలోనే కాపురం."

"ఎవరు కడతారు?"

"నా పక్క మగ్గం డోరిస్ కడుతుంది. దాని బదులు నేనుంటే నేనే కట్టేదాన్ని. ఆ పద్నాలుగింట్లో మూడు నావే. నీకు తెలీదులే."

ఈనాక్‌కు తెలుసు. ఏ మూడో కూడా తెలుసు. కట్టిన పూటే చూశాడు.

"ఆ మేస్త్రీ నువ్వు కాదని ఎక్కడినుంచైనా రుజువు పట్టుకురా," అంది సెలీనా. "ఊరికే నీ మాట కాదు, మగ్గం నడిపినదాన్ని నేను నమ్మేట్టు ఉండాలి. మర్నాడే వెళ్ళి ఫాదరుతో మాట్లాడతాను. ఇంకాస్త రొట్టె వేసుకో."

ఆ శీతాకాలమంతా ఈనాక్ శనివారాలు బస్సుల్లో గడిపాడు. పాట ఎక్కడ పుట్టిందో ఆ ఊరు దొరికితే చాలు, అసలు మేస్త్రీ దొరుకుతాడు, తను బయటపడతాడు. ఆలోచన సవ్యంగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పాట పుట్టింది, ప్రతి ఊళ్ళోనూ మేస్త్రీ దొరికాడు. ఒక ఊరి క్లబ్బులో అద్దాలపెట్టెలో పానా పెట్టి చూపించారు, సముద్రానికి వాడింది ఇదేనని. పక్క ఊళ్ళో అద్దాలపెట్టెలో రెండు పానాలున్నాయి. ఎందుకు రెండని అడిగితే, అంత సముద్రానికి ఒకటెలా సరిపోతుందయ్యా అన్నారు. మూడో ఊళ్ళో ఏకంగా సమాధి దగ్గరకే తీసుకెళ్ళారు. రాతి మీద సముద్రం ఊసు లేదు. ఇంటివాళ్ళు ఒప్పుకోలేదట.

"మా హార్‌క్లఫ్‌లో అయితే అది నేనేనంటారు," అన్నాడు ఈనాక్ ఆ సమాధి దగ్గర, మాట వరసకి.

చూపించడానికి వచ్చిన ముసలాయన అతన్ని టోపీ నుంచి బూట్ల దాకా చూశాడు.

"నువ్వా? నిన్ను మా గేటు గడియ కూడా బిగించనివ్వం నాయనా."

ఆ సాయంత్రం బస్సులో ఈనాక్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తను కాదనే రుజువు కోసమే కదా వచ్చింది, ఆ ముసలాయన తను కాదనే కదా అన్నది. సంతోషించాల్సింది పోయి ఊరు చేరేదాకా అతనికి మనసు బాగోలేదు.

ఇక మిగిలింది స్కెల్డెన్. కొండకి అవతలి పక్క ఊరు. హార్‌క్లఫ్‌కీ స్కెల్డెన్‌కీ పడదు. ఎందుకు పడదో ఇరువైపులా ఎవరికీ గుర్తు లేదు గనక రాజీ పడే దారి కూడా లేదు. అందుకే ఈనాక్ దాన్ని చివరికి అట్టేపెట్టాడు. అక్కడ కెజయా హాల్‌రాయిడ్ అనే ముసలమ్మ ఉంది. వయసు తొంభై దాటింది, పదేళ్ళప్పటి నుంచి షెడ్డులో పనిచేసింది. చెవులు మగ్గాలకే ఇచ్చేసింది, గొంతు వాడటం మానేసి చాలా కాలమైంది. ఇద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చుని పెదాలతో మాట్లాడుకున్నారు. ఆ గదిలో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముసలమ్మ మనవడు పెర్సీ, ఊరి బ్యాండుమేళం కార్యదర్శి, తలుపు దగ్గర నిలబడి ఇద్దరి మూతులూ మార్చి మార్చి చూశాడు.

"ఆ ఖాళీలో మీ ఊరి వాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగింది ముసలమ్మ పెదాలతో.

"బీరు తాగుతారమ్మా."

"షెడ్డులో బీరెక్కడిదిరా?"

ఈనాక్ ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. హార్‌క్లఫ్‌లో ఎవరూ ఆలోచించలేదు.

కెజయా వేళ్ళు ముడిచి, నాడె పట్టుకున్నట్టు మూతి దగ్గర పెట్టుకుంది. వెనకటి రోజుల్లో నాడెలోని దారపు కండె అయిపోతే కొత్త కండె వేసి, నాడెకున్న చిన్న కన్నానికి పెదాలానించి, గుప్పున ఊపిరి లోపలికి పీలిస్తే దారపు కొస బయటికొచ్చేది. నాడెను ముద్దుపెట్టుకోవడం అనేవారు దాన్ని. నోరు నాడెకు ఆనించి ఉన్నప్పుడు పెదాలు పాడలేవు. కాబట్టి పాటలోనే ఆ చోటు వదిలారు. ఎవరి కండె అయిపోయినా వరస తప్పకుండా.

"మీ మిల్లులో చేత్తో దారం ఎక్కించే నాడెలు ఎప్పుడొచ్చాయి?"

"నేను చేరకముందే వచ్చాయమ్మా."

"మరింక పాట నీదెట్లా అయింది? అది మా అమ్మ పాట. మేస్త్రీ మా అమ్మకి మేనమామ, ఒబడయా షార్ప్‌లెస్. ఒట్టి మొద్దు. బూట్లు వేసుకునే పడుకునేవాడు."

ఈనాక్ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. హార్‌క్లఫ్ మనిషి స్కెల్డెన్ మనిషి చెయ్యి అంతసేపు పట్టుకోవడం అంతకుముందు జరగలేదంటారు.

సెలీనా ఇదంతా విన్నది. పొయ్యి పైన అరమీద వాళ్ళమ్మ నాటి పాత నాడె ఒకటి ఉంది. దాన్ని తీసి ఏప్రన్‌తో తుడిచి, గోడకేసి చూస్తూ పెదాలతో పాట మొదలుపెట్టింది. మూడో పాదం కాగానే నాడె మూతికి ఆనించి పీల్చింది. దించింది. నాలుగో పాదం సరిగ్గా దాని చోట దానికి వచ్చి పడింది. ఇంకో చరణం చేసింది. ఇంకోటి చేసింది.

"మా అమ్మకి ముందుపళ్ళు అందుకే పోయాయి," అంది. నాడె మళ్ళీ అరమీద పెట్టింది. "సరే. ఈస్టరుకు చేసుకుందాం."

అక్కడితో అయిపోవాల్సింది. కానీ అదే నెలలో మిస్ ఫెన్విక్ అనే ఆవిడ టేపురికార్డరు పెట్టె మోసుకుంటూ మా వైపు వచ్చింది. పాత పాటలు పోగుచేసి, ఏది ఎక్కడ పుట్టిందో ఆరా తీసి పుస్తకం వేస్తుందట. ఆదివారం మధ్యాహ్నం మా నేతవాళ్ళ క్లబ్బులో పాట వింటానంది. స్కెల్డెన్ నుంచి పెర్సీ ఒక బస్సు మాట్లాడుకుని బ్యాండువాళ్ళందర్నీ, వాళ్ళ మామ్మనూ ఎక్కించుకుని దిగిపోయాడు. క్లబ్బులో ఒకవైపు మావాళ్ళు, ఒకవైపు వాళ్ళు. మధ్యలో బల్ల మీద యంత్రం.

ఈనాక్ సాక్ష్యం చెప్పడానికి ముందు వరసలో కూర్చున్నాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. చెప్పాల్సింది చెబితే పాట స్కెల్డెన్‌కు పోతుంది, సెలీనా తనకు దక్కుతుంది. బేరంలో ఎక్కడా లొసుగు లేదు.

పెర్సీ ముందుగా లేచాడు.

"రాసుకోండమ్మా. పాట మా ఊరిది. మేస్త్రీ ఒబడయా షార్ప్‌లెస్, మా మామ్మ వాళ్ళమ్మకు మేనమామ. ఇదిగో మా సాక్షి, మా మామ్మ. అదిగో వాళ్ళ సాక్షి. ఆయన కూడా మా సాక్షే."

స్కెల్డెన్ వైపు బెంచీలు నవ్వాయి.

"వచ్చే ఏడు మా బ్యాండు జెండా మీద సముద్రం బొమ్మ వేయిస్తున్నాం," అన్నాడు పెర్సీ, ఇప్పుడు మావాళ్ళ వైపు తిరిగి. "ఇకనుంచి మీరు పాడేటప్పుడు ఇది స్కెల్డెన్ వాళ్ళ పాట అని ముందు చెప్పి పాడండి. మర్యాదగా ఉంటుంది. అయినా హార్‌క్లఫ్ మేస్త్రీలకు సముద్రం దాకా ఎందుకులెండి. మీ ఊళ్ళో కుళాయి కారితే మాకే కబురు పెడతారు."

పెర్సీ మళ్ళీ మిస్ ఫెన్విక్ వైపు తిరిగాడు. మా వైపు ఎవరూ గ్లాసు ఎత్తలేదు. సెథ్ తన బూట్లు చూసుకుంటున్నాడు. ముప్పయ్యేళ్ళు ఈనాక్‌ను ఏడిపించిన వాళ్ళందరూ వరసగా కూర్చుని, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారు.

ఈనాక్ గది అవతలి కొసన ఉన్న సెలీనా వైపు చూశాడు. పెదాలు కదిపాడు.

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేం?" అన్నాయి సెలీనా పెదాలు. "మేస్త్రీవి నువ్వు."

"నిజం చెబితే ఈస్టరుకు పెళ్ళి."

"నాకు తెలుసు."

"చెప్పకపోతే?"

ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ మాటల్ని ఒక్కటి పోకుండా చదువుకుంటున్నారు. ఇటు వీపు పెట్టిన పెర్సీకి, ఆ విద్య రాని మిస్ ఫెన్విక్‌కు తప్ప అందరికీ తెలిసిపోతోంది. ఇరువైపులా తలలు ఈనాక్ నుంచి సెలీనా వైపు తిరిగాయి.

సెలీనా పెర్సీ వీపు చూసింది. తర్వాత డోరిస్‌ను చూసింది.

"నా చరణం నేనే కట్టుకుంటాను," అన్నాయి ఆమె పెదాలు. "డోరిస్ కడితే బాగోదు. ఇంక కానీ."

ఈనాక్ లేచి నిలబడ్డాడు.

"అది నేను," అన్నాడు.

"ఏది మీరు?" అంది మిస్ ఫెన్విక్.

"సముద్రం. బాగుచేసింది నేను. పంతొమ్మిదేళ్ళప్పుడు."

పెర్సీ గిరుక్కున తిరిగాడు. "ఏమయ్యా, మొన్న మా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని మా మామ్మ చెప్పిందంతా తలూపుతూ విన్నావు కదయ్యా."

"మీ మామ్మ చెప్పింది ఒక్క ముక్కా నాకు వినపడలేదు," అన్నాడు ఈనాక్. అది నిజం.

కెజయా ముసలమ్మ అతని పెదాలు చదివింది. దొంగవెధవ అని తన పెదాలతో అని, మిగిలిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

మిస్ ఫెన్విక్ ఓపికగా అడిగింది. "మరి మూడో పాదం తర్వాత ఆ ఖాళీ ఎందుకుందంటారు?"

"బీరుకు," అన్నాడు ఈనాక్.

మావాళ్ళందరూ ఒక్కసారి గ్లాసులెత్తారు. మిస్ ఫెన్విక్ రెండు ఊళ్ళవాళ్ళ చేతా పాట పాడించుకుని పెట్టె సర్దుకుంది. ఈ నెలలో తను ఇంకా చాలామంది మేస్త్రీలను చూడాల్సి ఉందని చెప్పి వెళ్ళిపోయింది. పెర్సీ జెండా వేయించాడు. మావాళ్ళూ వేయించారు. రెండింట్లోనూ సముద్రం ఒకేలా ఉంటుంది.

పెళ్ళి ఈస్టరుకే అయింది. చర్చి ఆవరణలో ఎవరూ పాడకూడదని ఫాదరు ముందే గట్టిగా చెప్పాడు, ఆ మాటను అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. జంట బయటికొచ్చేసరికి మెట్లకు అటూ ఇటూ షెడ్డు ఆడవాళ్ళందరూ నిలబడి, చిన్న చప్పుడైనా లేకుండా, పద్నాలుగు చరణాలూ పెదాలతో పాడారు. ఫాదరు వాళ్ళ వినయానికి ముచ్చటపడ్డాడు. డోరిస్ పదిహేనోది మొదలుపెట్టబోయింది. సెలీనా చెయ్యెత్తి ఆపి, పై మెట్టు మీద నిలబడి తనే అందుకుంది.

సంద్రాన్నే సరిచేసిన చేతులంట మేస్త్రివి
ఇంటి పొయ్యి అంటించగ ఇరుగుపొరుగు రావాలి
కట్టుకున్న పిచ్చిదెవతె...
కళ్ళు తెరిచి కట్టుకుంది

డోరిస్ దానికి ఒక్క అక్షరం కలపలేకపోయింది. ఇప్పటికీ కలపలేదు. మేస్త్రీ పెళ్ళాం మీద ఆ పాటలో ఉన్నది అదొక్కటే.

మిల్లు మూతపడింది. ఈనాక్ ఆదివారాలు క్లబ్బులో గోడవార కుర్చీలో కూర్చుంటాడు. పక్కన సెలీనా. బయటి ఊళ్ళ నుంచి ఎవరన్నా వస్తే మేము వాళ్ళకి ఈ కథంతా చెబుతాం. చెడిపోయిన సముద్రం, పానా, ఒక్క తిప్పు, ఏమీ వదలం. ఈనాక్ అడ్డు రాడు, చివరిదాకా వింటాడు. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, వచ్చినవాళ్ళ వైపు తిరిగి చెబుతాడు.

"సముద్రం చెడిపోలేదు. బెల్టు జారిందంతే."